సింహాసన వారసత్వం, దాస్య వారసత్వం: బిట్రగుంట నేపథ్యం నుంచి 'బాహుబలి' చిత్రద్వయ పరిశీలన

ఉపోద్ఘాతం

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 'బాహుబలి: ది బిగినింగ్' 2015 జూలై 10న, 'బాహుబలి 2: ది కన్‌క్లూజన్' 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. వీటికి కథను అందించినవారు వి. విజయేంద్ర ప్రసాద్. మాహిష్మతి అనే కల్పిత రాజ్యంలో సింహాసనం ఎవరికి చెందాలన్న తగవు రెండు భాగాలకూ మూలం. ఈ చిత్రాల మీద జరిగిన చర్చలో ఎక్కువ భాగం నిర్మాణ వ్యయం, దృశ్య సాంకేతికత, వసూళ్ల చుట్టూ తిరిగింది. వారసత్వం అనే ఇతివృత్తాన్ని తెలుగు కావ్య సంప్రదాయంతో కలిపి చదవవలసిన అవసరం ఇంకా మిగిలే ఉంది.

ఈ చిత్రద్వయంలో రెండు వారసత్వాలు ఉన్నాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఒకటి సింహాసనానిది. దాని మీద వాదం, పరీక్ష, యుద్ధం, కుట్ర, తీర్పు అన్నీ జరుగుతాయి. రెండవది దాస్యానిది. కట్టప్ప తన పూర్వుల ప్రమాణం వల్ల పుట్టుకతోనే సింహాసనానికి బానిస. దీని మీద కథలో విచారణ లేదు. మొదటి వారసత్వాన్ని అంత లోతుగా ప్రశ్నించిన కథ రెండవదాన్ని ఎందుకు తాకలేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి నెల్లూరు సీమకు చెందిన రెండు అనుభవాలు ఉపకరిస్తాయి. ఒకటి తిక్కన భారతం. రెండవది బిట్రగుంట వంటి రైల్వే ఊరి ఉద్యోగ జీవితం. ఇది ప్రేక్షకుల అభిప్రాయ సేకరణ కాదు. ఒక ప్రాంతపు సాహిత్య, సామాజిక అనుభవాన్ని కొలమానంగా చేసుకుని చేసిన పాఠ పరిశీలన.

బిట్రగుంట: పనికి వారసత్వం

బిట్రగుంట విజయవాడ – గూడూరు రైలు మార్గంలో నెల్లూరుకూ కావలికీ నడుమ ఉంది. సమీపంలోని కొండ బిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయం వల్ల ఈ పేరు భక్తులకు పరిచితం. రైల్వే చరిత్రలో ఆ పేరును నిలిపినవి మాత్రం ఆవిరి ఇంజన్ల కాలం నాటి లోకోషెడ్డు, దాని చుట్టూ పెరిగిన రైల్వే కాలనీ. ఆ కాలపు షెడ్డు ఉద్యోగాలకు ఒక క్రమం ఉండేది. క్లీనరుగా చేరినవాడు ఫైర్‌మన్ అయ్యేవాడు. బొగ్గు పార ఎత్తినవాడు ఏళ్లు గడిచాక డ్రైవరు స్థానానికి చేరేవాడు. ఈ క్రమానికి ఆధారం పనితనం, అనుభవం.

దీని పక్కనే మరొక సూత్రం కూడా భారతీయ రైల్వేలో అమలైంది. గ్యాంగ్‌మన్లు, డ్రైవర్ల కోసం 2004లో ఒక పథకం వచ్చింది. నిర్ణీత వయసు, సర్వీసు ఉన్న ఉద్యోగి ముందుగా విరమించుకుంటే, అర్హత పరీక్షలకు లోబడి అతని సంతానంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు అది. 2010లో దాన్ని మరికొన్ని భద్రతా విభాగాలకు విస్తరించారు. అప్పటి నుంచి అది 'లార్స్‌గెస్' అనే పొట్టి పేరుతో వాడుకలోకి వచ్చింది. 2016 ఏప్రిల్ 27న పంజాబ్ – హర్యానా హైకోర్టు, ఈ పథకం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాల పరీక్షకు ప్రాథమికంగా నిలవదని చెప్పింది. రైల్వే శాఖ 2017 అక్టోబరు 27 నుంచి పథకాన్ని ఆపి, 2018 సెప్టెంబరులో రద్దు చేసింది. 'బాహుబలి' మొదటి భాగానికీ రెండవ భాగానికీ నడుమ కాలంలోనే ఆ తీర్పు వెలువడడం యాదృచ్ఛికం. అయినా రెండు సందర్భాల్లోనూ ప్రశ్న ఒకటే: తండ్రి స్థానం కొడుక్కి ఏ హక్కుతో వస్తుంది?

రైల్వే కాలనీ అనుభవం ఈ ప్రశ్నకు మరొక కోణాన్ని చేరుస్తుంది. గ్యాంగ్‌మన్ ఉద్యోగం కొడుక్కి రావడం బయటివారి దృష్టిలో అవకాశ సమానత్వానికి భంగం. ఆ ఇంటి దృష్టిలో అది భద్రమైన జీతం. అదే సమయంలో, ఎండలో పట్టాల వెంట నడిచిన తండ్రి కొడుకు మళ్లీ ఆ పట్టాల మీదికే రావడం కూడా. వారసత్వం ఒకే చేతితో హక్కునూ ఇస్తుంది, కట్టునూ వేస్తుంది. రాజకుమారుల కథల్లో హక్కు కనిపించినంతగా కట్టు కనిపించదు. కట్టు కనిపించాలంటే కథను కట్టప్ప వైపు నుంచి చూడాలి.

భారత మూలం, నెల్లూరు సంప్రదాయం

మాహిష్మతి తగవుకు మహాభారతమే పునాది అన్నది స్పష్టం. అంధుడైనందువల్ల ధృతరాష్ట్రునికి రాజ్యం దక్కక తమ్ముడు పాండురాజు పాలించాడు. అంగవైకల్యం కారణంగా బిజ్జలదేవుడికి సింహాసనం దక్కక తమ్ముడు విక్రమదేవుడు రాజయ్యాడు. తనకు రానిది తన కొడుక్కైనా రావాలన్న ధృతరాష్ట్రుని కోరిక బిజ్జలదేవునిలో బాహాటమైన పగగా మారింది. తండ్రి లేని అమరేంద్ర బాహుబలి, తండ్రి అసంతృప్తిని పాలతో పాటు తాగి పెరిగిన భల్లాలదేవుడు పాండవ కౌరవ పక్షాలకు ప్రతిరూపాలు.

ఈ దాయాది తగవును తెలుగులో అత్యధిక భాగం పలికించినవాడు నెల్లూరు కవి. విరాటపర్వం మొదలు స్వర్గారోహణపర్వం వరకు 15 పర్వాలను తిక్కన రచించాడు. ఆయన ఆశ్రయదాత మనుమసిద్ధి తన దాయాదుల వల్ల రాజ్యం పోగొట్టుకున్నాడనీ, తిక్కన ఓరుగల్లుకు వెళ్లి కాకతి గణపతిదేవుని సహాయంతో దాన్ని తిరిగి ఇప్పించాడనీ సిద్ధేశ్వర చరిత్ర, సోమదేవరాజీయం చెబుతాయి. ఆ కథనంలో చారిత్రకత పాలు ఎంతైనా, నెల్లూరు సాహిత్య స్మృతిలో సింహాసన వారసత్వం కేవలం పురాణ విషయం కాదు. రాయబారం నడిపిన మంత్రే ఉద్యోగపర్వ రాయబారాలను తెలుగు చేశాడన్న భావన ఆ స్మృతిలో భాగం. ఈ సంప్రదాయం నుంచి చూస్తే 'బాహుబలి' తీసుకున్నవి ఎంత ముఖ్యమో, వదిలేసినవీ అంతే ముఖ్యం.

చిత్రం చేసిన గొప్ప చేర్పు శివగామి. భీష్ముని ప్రతిజ్ఞాపాలన, సత్యవతి వంశ నిర్ణయాధికారం, గాంధారి మాతృత్వం ఈ ఒక్క పాత్రలో కలిశాయి. ఉద్యోగపర్వంలో గాంధారి సభకు వచ్చి కొడుక్కి హితవు చెప్పగలిగింది, శాసించలేకపోయింది. శివగామికి శాసించే అధికారం ఉంది. తన కడుపున పుట్టినవాడికి వ్యతిరేకంగా ఆ అధికారాన్ని వాడగలగడం మొదటి భాగానికి నైతిక బలం.

మూడు ప్రమాణాలు: అర్హత, మాట, పుట్టుక

వారసుని నిర్ణయించడంలో చిత్రద్వయం ఒకే ప్రమాణం మీద నిలబడలేదు. అది వరుసగా మూడు ప్రమాణాలను ఆశ్రయిస్తుంది.

మొదటిది అర్హత. కాలకేయులతో యుద్ధానికి ముందు, శత్రునాయకుని సంహరించినవాడే రాజన్న నియమం ఏర్పడుతుంది. ఆ నాయకుని చంపినవాడు భల్లాలదేవుడు. అయినా శివగామి అమరేంద్రునే రాజుగా ప్రకటిస్తుంది. శత్రువులు కవచంగా నిలిపిన మాహిష్మతి ప్రజలను భల్లాలుడు లెక్కచేయలేదు. అమరేంద్రుడు వారిని కాపాడి యుద్ధం చేశాడు. ఇక్కడ పరీక్ష నియమమే మారిపోతుంది. శౌర్యం నుంచి ప్రజారక్షణకు మారిన ఈ తీర్పు చిత్రద్వయంలో అత్యంత ఆలోచనాత్మక ఘట్టం. పుట్టుకలో ఇద్దరూ సమానులైనప్పుడు రాజును నిర్ణయించేది ప్రజల పట్ల ప్రవర్తన అన్న సూత్రం ఇక్కడ స్థాపితమైంది.

రెండవది మాట. రెండవ భాగంలో శివగామి, కుంతల రాకుమారి దేవసేనను భల్లాలునికి ఇచ్చి పెళ్లి చేస్తానని అమరేంద్రుని మనసు తెలియక మాట ఇస్తుంది. దేవసేన అభిమతం అడగకుండా ఇచ్చిన మాట అది. అమరేంద్రుడు దేవసేన పక్షాన నిలబడతాడు. ఫలితంగా సింహాసనం భల్లాలునికి, సైన్యాధ్యక్ష పదవి అమరేంద్రునికి దక్కుతాయి. ప్రజారక్షణ ఆధారంగా ఇచ్చిన తీర్పు ఒక్క పంతంతో చెరిగిపోయింది. ఇక్కడ కథ భారతాన్ని విడిచి అయోధ్యకాండ దారి పట్టింది. దశరథుడు మాటకు కట్టుబడి దుఃఖించాడు. శివగామి మాటను అధికార చిహ్నంగా చేసుకుంది. పట్టాభిషేక సభలో భల్లాలుని కన్నా అమరేంద్రుని ప్రమాణానికే జనం హోరెత్తడం, తీర్పు మారినా ప్రజల కొలమానం మారలేదని చూపుతుంది.

మూడవది పుట్టుక. అమరేంద్రుని మరణం తరువాత, నిజం తెలిసిన శివగామి అప్పుడే పుట్టిన మహేంద్రుని ఎత్తి చూపి రాజుగా ప్రకటిస్తుంది. పసికందుకు ఏ పరీక్షా ఉండదు. 25 ఏళ్ల తరువాత శివుడుగా పెరిగిన ఆ యువకుడు మాహిష్మతికి వస్తాడు. అతనికి ఆ రాజ్యం తెలియదు, దాని ప్రజలు తెలియరు. అయినా అతని ముఖం చూడగానే జనం తండ్రి పేరుతో నినదిస్తారు. కట్టప్ప అతని పాదాన్ని తన తలమీద పెట్టుకుంటాడు. తానెవరో తెలియకముందే శివుడు దేవసేనను చెర విడిపించాడు కదా, అది అర్హత కాదా అన్న వాదం న్యాయమైనదే. ఆ సాహసం అతని వీరత్వాన్ని నిరూపించింది. జనం తలవంచింది మాత్రం ఆ సాహసాన్ని తూచి కాదు, పోలికను చూసి.

ఈ గుర్తింపు పద్ధతిని ఉత్తర రామాయణ కథతో పోల్చడం అవసరం. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణము'ను మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. ఉత్తరకథ తెలుగు తెరమీద 1963 నాటి 'లవకుశ'తో ఇంటింటి కథ అయింది. అడవిలో పెరిగిన ఆ రాజకుమారులు గానంతో, తమ తల్లి కథ చెప్పి లోకానికి తెలిశారు. తండ్రి చేసిన పనిని సభలోనే ప్రశ్నార్థకం చేసే గుర్తింపు అది. మహేంద్రుని గుర్తింపులో ప్రశ్న లేదు. ముఖమే ప్రమాణపత్రం. తండ్రీకొడుకుల పాత్రలను ఒకే నటుడు పోషించడం తెలుగు సినిమాకు కొత్త కాదు. ఇక్కడ ఆ సౌలభ్యం ఒక రాజకీయ సూత్రంగా మారింది. అర్హతతో మొదలైన కథ పోలికతో ముగిసింది.

ప్రశ్నించని వారసత్వం

మొదటి భాగం చివర అమరేంద్రుని చంపింది తానేనని కట్టప్ప చెప్పడంతో తెర పడింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 21 నెలలకు పైగా జనం నోళ్లలో నానింది. ఆ ప్రశ్న కట్టప్ప మనసులో ఏదో రహస్యం ఉందని అనుకుంటుంది. రెండవ భాగం ఇచ్చిన సమాధానంలో అటువంటి రహస్యమే లేదు. శివగామి ఆజ్ఞాపించింది, అతడు చేయకపోతే తానే చేస్తానంది, అతడు చేశాడు. బానిసకు హేతువు ఉండదు, ఆజ్ఞ ఉంటుంది. అడగవలసిన ప్రశ్నకు కర్త శివగామి. జనం మాత్రం చేతిని అడిగారు, ఆ చేతిని ఆడించిన వ్యవస్థను అడగలేదు. కథనం ప్రేక్షకుని అలా నడిపింది.

2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కుదించి, సుమారు 3 గంటల 45 నిమిషాల నిడివితో 'బాహుబలి: ది ఎపిక్'గా విడుదల చేశారు. ఈ కూర్పులో అవంతిక ప్రణయభాగం చాలావరకు తగ్గింది. నెలల తరబడి ఎదురుచూపు లేకపోవడం వల్ల హత్య అన్నది రహస్యంగా కాక ఒక ఆజ్ఞల గొలుసులో కడపటి లంకెగా కనిపించే వీలు ఏర్పడింది. ఒకే కూర్చున్నప్పుడు చూసినవారికి, మొదట్లో కట్టప్ప తన బానిసత్వం గురించి చెప్పిన మాటకూ తరువాతి హత్యకూ ఉన్న సంబంధం త్వరగా అందుతుంది.

ఆ మాట ఆయుధ వర్తకుడు అస్లాం ఖాన్ ఘట్టంలో వస్తుంది. కట్టప్ప పోరాట నైపుణ్యానికి ముగ్ధుడైన ఆ వర్తకుడు అతన్ని బానిసత్వం నుంచి విడిపించడానికి సిద్ధపడతాడు. కట్టప్ప ఒప్పుకోడు. సింహాసనానికి తన పూర్వులు చేసిన ప్రమాణం తనను కట్టి ఉంచిందంటాడు. చిత్రం దీన్ని నిష్ఠగా చూపింది. ఇంకొక వైపు నుంచి చూస్తే, తాను చేయని ప్రమాణానికి ఒక మనిషి ప్రాణం ఉన్నంతవరకు బద్ధుడు కావడమిది. రాజకుమారులకు పరీక్ష పెట్టిన రాజ్యం, ఈ ప్రమాణం చెల్లుతుందా అని ఒక్కసారి కూడా సభ తీర్చలేదు.

అమరేంద్రుడు కట్టప్పను మామా అని పిలుస్తాడు, అతనితో కలిసి తింటాడు. ఈ ఘట్టాల ఆర్ద్రత నిజమైనది. బంధుత్వపు పిలుపు కట్టప్పకు ప్రేమను ఇచ్చింది, విడుదలను ఇవ్వలేదు. సింహాసనం దక్కబోయే దశలో కూడా అమరేంద్రుడు ఆ ప్రమాణాన్ని రద్దు చేసే మాట ఎత్తడు. తెలుగు పల్లెల్లో పాలేరుకూ యజమాని బిడ్డకూ నడుమ వరుసలు కలిపి పిలుచుకునే అలవాటు ఉంది. వరుస కలిసినంత మాత్రాన కూలి లెక్క మారదన్న ఎరుక కూడా ఆ పల్లెలకు ఉంది. చిత్రంలో ఉన్నది ఆ అలవాటే. ఎరుక లేదు.

విదురుడు, కట్టప్ప

భారతంలో కట్టప్పకు దగ్గరగా నిలిచే పాత్ర విదురుడు. వ్యాసుని వల్లనే పుట్టినా దాసీపుత్రుడన్న కారణంగా రాజ్యానికి దూరమయ్యాడు. అతని ధర్మజ్ఞానాన్ని ఎవరూ శంకించలేదు, అతని అర్హతను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అయినా విదురుడికి మూడు స్వేచ్ఛలున్నాయి. అతడు మాట్లాడగలడు: నిద్రపట్టని ధృతరాష్ట్రునికి రాత్రంతా నీతి చెప్పాడు. అతడు వెళ్లిపోగలడు: అరణ్యపర్వంలో అన్న పొమ్మన్నప్పుడు పాండవుల దగ్గరికి వెళ్లి, పిలిచినప్పుడే తిరిగి వచ్చాడు. అతడు గౌరవానికి పాత్రుడు: రాయబారానికి వచ్చిన కృష్ణుడు అతని ఇంట ఉన్నాడు. ఆశ్రమవాసపర్వంలో విదురుడు యోగమార్గాన ధర్మరాజులో లీనం కావడంతో, రాజ్యానికి దూరమైనవాని తేజస్సు రాజులోనే చేరింది.

కట్టప్పకు గౌరవం ఉంది. వెళ్లిపోయే వీలు లేదు. నోరు హత్య జరిగిపోయాకే లేచింది. అమరేంద్రుని రక్తం అంటిన చేతులతో శివగామికి నిజం చెప్పినప్పుడు మాత్రమే అతడు విదురుని ఎత్తుకు చేరాడు. ఆ క్షణంలో బానిస రాజమాతకు ధర్మం చెప్పాడు, ఆమె విన్నది, వారసుని మార్చింది. సింహాసన వారసత్వాన్ని చివరికి నిర్ణయించిన సాక్ష్యం దాస్య వారసునిదే. ఈ ఘట్టంలో రెండు వారసత్వాలు ఎదురెదురుగా నిలిచాయి. కథ అక్కడ ఆగి చూసి ఉంటే దాని అర్థం మరింత పెరిగేది.

తిక్కన భారతం పట్టాభిషేకంతో ఆగలేదు. యుద్ధం గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దన్నాడు; స్త్రీపర్వ శోకాన్ని విన్నాడు; శాంతిపర్వంలో రాజధర్మాన్ని అడిగి తెలుసుకున్నాడు. గెలుపు తరువాతి ప్రశ్నలే ఆ కావ్యంలో పెద్ద భాగం. 'బాహుబలి' జానపద చిత్ర మర్యాదను పాటించి పట్టాభిషేకంతో ముగిసింది. భల్లాలుని బంగారు విగ్రహ శిరస్సు జలపాతం మీదుగా దొర్లిపోతుంది. ఆ విగ్రహాన్ని మొదటి భాగంలో తాళ్లతో లాగి నిలబెట్టినవారు బానిసలే. విగ్రహం పడిపోయాక వారి మెడల బరువు ఏమైందో చెప్పే దృశ్యం లేదు.

జానపద చిత్రాన్ని శ్రామిక చరిత్ర కొలమానంతో తూచడం తగదన్న అభ్యంతరం రావచ్చు. 'పాతాళభైరవి' వంటి చిత్రాలను ఎవరూ అలా తూచలేదు కూడా. 'పాతాళభైరవి'లో తోటరాముడు తోటమాలి కొడుకు. పుట్టుకను దాటి ఎదగడమే ఆ కథకు ప్రాణం. 'బాహుబలి' కూడా ఒక బానిసను కథకు ఇరుసుగా చేసి, దేశమంతటి చేత అతని గురించి ఒక ప్రశ్న అడిగించింది. కొలమానం బయటి నుంచి తెచ్చినది కాదు, చిత్రమే చేతికిచ్చినది.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. 'బాహుబలి' చిత్రద్వయం భారత వారసత్వ తగవును స్వీకరించి, ప్రజారక్షణే రాజార్హత అన్న ఉన్నతమైన తీర్పుతో మొదలై, మాట పంతం మీదుగా పుట్టుక, పోలికల దగ్గరికి తిరిగి వచ్చింది. శివగామి పాత్ర దాని సృజనాత్మక శక్తికి నిదర్శనం. కట్టప్ప పాత్ర ఆ శక్తి ఆగిన చోటు. విదురునికి భారత కవులు ఇచ్చిన వాక్కు, కదలిక కట్టప్పకు అందలేదు.

వారసత్వాన్ని హక్కుగా మాత్రమే చూసే చదువుకు ఈ లోటు కనబడదు. తండ్రి పని కొడుక్కి రావడంలోని భద్రతను, బంధాన్ని రెండింటినీ ఎరిగిన బిట్రగుంట వంటి ఊరి అనుభవం దాన్ని పట్టి చూపుతుంది. ఆ ఊళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లి తీర్పు పొందింది. దాని మంచిచెడ్డలు ఇంకా వాదంలో ఉండవచ్చు. మాహిష్మతిలో ఆ పాటి విచారణ కూడా లేదు. సింహాసనం ఎవరిదన్న తగవు పట్టాభిషేకంతో తీరింది. కట్టప్ప పూర్వుల ప్రమాణం అతని తరువాతి తరానికి చెల్లుతుందా అన్న తగవు ఆ సభకు రానేలేదు.